వాకట్టు

దొరస్వామి వేలిని మిషను తినేసిందని ఫ్యాక్టరీలో అందరూ తీర్మానం చేసేసుకున్నారు. చేసుకోని మనిషి ఒక్కతే. ఆమె దొరస్వామి పెళ్ళాం మునెమ్మ.

చిత్తూరు నుంచి తిరుపతి పోయే దోవలో, పూతలపట్టు దాటాక, సుందరరాజు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఉంది. ఏడాదిలో ఎండాకాలం మూడు నెలలే దానికి ప్రాణం. బెంగుళూరా కాయ లారీల్లో దిగేలోపల గచ్చూ, తొట్లూ, గంపలూ అద్దంలా ఉండాలి. పోయినేటి గుజ్జూ సొనా కలిసి ఎండి, గచ్చు మీద నల్లగా అట్టకట్టి ఉంటుంది. కొబ్బరిపీచుతో రుద్దితే పదిమంది ఆడవాళ్ళకు పది రోజుల పని. మోటారు పెట్టి కడుగుదామంటే, ఆ ఎనభై నాలుగు వేసవిలో కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో ఇచ్చేవాడికే తెలియదు. అందుకని సుందరరాజు మాఘమాసంలో మద్రాసు హార్బరు పక్క ఒక పాత మిషను కొనుక్కొచ్చాడు. రెండు చక్రాల బండి మీద పెట్రోలు ఇంజను, దాన్ని ఆనుకుని పంపు, పంపుకు నల్లటి లావు పైపు, పైపు కొసన తుపాకి లాంటి గన్ను. గన్ను మీట నొక్కితే వచ్చేవి నీళ్ళని చెబితే ఎవరూ నమ్మరు. ఉలి పెట్టి చెక్కినట్టు మరక లేచిపోతుంది.

పొలాల్లో ఆయిలింజన్లు తిప్పిన చెయ్యి కదా అని మిషనును దొరస్వామికి అప్పజెప్పారు. ఆ పనితో పాటు ఫ్యాక్టరీ వెనక రేకుల ఇల్లూ ఇచ్చారు. మూడు వారాలు రాజాలా తిప్పాడు. నాలుగో వారం ఒక సాయంత్రం ఎడమ చూపుడు వేలి కొసన చిన్న బెజ్జంతో ఇంటికొచ్చాడు. తుమ్మముల్లు గుచ్చుకున్నంత. నెత్తురు కూడా సరిగ్గా రాలేదు. పసుపూ సున్నం అద్దుకుని సంగటి తిని పడుకున్నాడు. తెల్లారేసరికి వేలు వంకాయంత అయింది. మూడోనాడు నల్లబడింది. వేలూరు పెద్దాసుపత్రికి మోసుకుపోతే రెండు కణుపులు తీసేశారు. "పైన కనపడింది సూది బెజ్జం. లోపల పోయింది గునపం. ఆ పొద్దే వచ్చుంటే వేలు దక్కేది" అన్నాడు డాక్టరు.

ఎట్లా జరిగిందని అడిగిన వాళ్ళందరికీ దొరస్వామి ఒకటే చెప్పాడు. "ఏమో అబ్బా, ఎగిరి కరిసింది."

ఆ మాట చాలు. మిషనును షెడ్డులో ఒక మూలకు నెట్టి గోనెపట్ట కప్పేశారు. చైత్రం దాటిపోతున్నా దాని పక్కకు పోయినవాడు లేడు.

ఒకరోజు పొద్దున్నే మునెమ్మ సుందరరాజు ముందుకు పోయి నిలబడింది.

"సామీ, నీళ్ళ మిషను పని నాకియ్యండి."

"నువ్వు ఇంజను తిప్పుతావా?"

"తెలిస్తే తిప్పుతా. తెలిసినోళ్ళని పిలిపించండి."

"మీ ఇంట్లో ఒక వేలు పోయింది సాల్లేదా మే?"

"పోయింది గాబట్టే అడగతాండా సామీ. ఎట్ల పోకుండా తిప్పాలనో ముందర మా ఇంట్లోనే తెలియాల. ఈ పని పోతే మాకు రేకులిల్లూ పోతాది. ఆ సెయ్యి మానేదాకా ఆయప్ప గన్ను పట్టలేడు. నేను పడతా."

వాకిట్లో నిలబడి వింటున్న మునస్వామి కిసుక్కున నవ్వాడు. లారీల్లో కాయ దించే జట్టుకు అతను పెద్ద. "సామీ, గాజులేసుకునే సేతికి ఇచ్చేదానికి ముందు మిషనుకు గూడా రెండు గాజులు తొడగండి!"

మునెమ్మ తల తిప్పలేదు. "గాజులుండే సెయ్యి వచ్చి అడగతాండాది మునస్వామీ. మీసాలుండే సేతులు యాడ దాంకోనుండాయో నువ్వే సెప్పు."

సుందరరాజుకు నవ్వొచ్చింది. నవ్వినంత మాత్రాన ఒప్పుకునే మనిషి కాదు గానీ, కాయ వచ్చే రోజు నెత్తి మీదికొచ్చింది. "శుక్రవారం తొలి లారీ. ఆ పొద్దున అందరి ముందరా కాయ దించే గచ్చు కడిగి సూపియ్యి. కడిగితే పని నీది. లేదంటే వేలూరు నుంచి ఎవర్నన్నా తెచ్చుకుంటా, ఇల్లు వాళ్ళకిస్తా" అన్నాడు.

నేర్పడానికి వేలూరు నుంచే సుబ్రమణ్యం వచ్చాడు. యాభై దాటిన మెకానిక్కు. తెలుగు మాట్లాడుతూ మాట్లాడుతూ అరవంలోకి జారిపోయి, మళ్ళీ ఎక్కి వస్తుంటాడు. వచ్చీరాగానే చెవి మీది బీడీ తీసి, దూరంగా గోడ మీద పెట్టొచ్చాడు. "పెట్రోలు దగ్గరికి నేనన్నా రావాల, అదన్నా రావాల. రెండూ రాకూడదు. తెలిసిందా అమ్మా?"

షెడ్డు మూల నుంచి మిషనును బయట ఎండలోకి లాగించాడు. ఎండకు ఇనుము కాలుతుంది కదా, లోపలే ఉంటే ఏం అని మునెమ్మ అడిగింది. "లోపల పొగ నిలుస్తాది. ఆ పొగకు వాసన గూడా సరిగ్గా తెలీదు. నిద్ర వచ్చే మాదిరి ఉంటాది. ఆ నిద్ర లేసేది కాదు."

మొదటిరోజు ఆమెను ఇంజను తాడు ముట్టుకోనివ్వలేదు. మిషనుతో పాటు ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. అది ఆమెకూ రాదు, ఆయనకూ రాదు. చూపించి చెప్పడమే. నూనె ఎక్కడి దాకా ఉండాలో పుల్ల పెట్టి చూపించాడు. నీళ్ళ తొట్టి నుంచి వచ్చే పైపు తగిలించి, "ఇప్పుడు ఇంజను ముందా, నీళ్ళు ముందా?" అని అడిగాడు.

మునెమ్మ ఆలోచించలేదు. "ఎసరు పొయ్యకుండా పొయ్యి ముట్టిస్తే కుండ పగలదా? నీళ్ళే ముందు."

సుబ్రమణ్యం ముఖం విచ్చుకుంది. "సరి! సగం వచ్చేసింది నీకు." కుళాయి తిప్పి, గన్ను మీట నొక్కి పట్టించాడు. ముందు తుస్సు తుస్సుమని గాలి, తర్వాత గాలీ నీళ్ళూ కలిసి, చివరకు తెగకుండా ఒకటే ధార. ఆ ధార చూశాకే తాడు మీద చెయ్యి వెయ్యాలి. ఎండిన పంపును తిప్పితే నిమిషాల్లో దాని కడుపు అరిగిపోతుంది.

రెండోరోజు మొగుడి గంబూట్లలో పాతగుడ్డలు కుక్కి తొడుక్కుంది. కళ్ళకు మోటారుసైకిలు అద్దాలు. ఆడవాళ్ళు నోళ్ళకు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వనిచ్చింది. తాడు చుట్టి లాగింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో లాగుకు ఇంజను దగ్గి లేచింది. మీట నొక్కగానే గన్ను, ముకుతాడు లాగిన ఎద్దులా తల విదిల్చింది. మునెమ్మ రెండడుగులు వెనక్కి పోయింది.

"కాళ్ళు ఎడం పెట్టు! మేడి పట్టుకోలేదా ఎప్పుడూ? రెండు సేతులా పట్టు! దూరం నుంచి మొదలుపెట్టి దగ్గరికి రా!"

ఒకసారి మాట మరిచి, చెక్కపెట్టె మీద గన్ను దగ్గరగా ఆనించింది. రెప్పపాటు. పలక మీద పొర లేచి పీచుపీచయింది. మునెమ్మ మీట వదిలేసి ఆ చెక్కను చాలాసేపు చూసింది. రాయిలాంటి నేరేడు చెక్క. దాని ముందు మనిషి వేలెంత?

"సూసినావు గదా" అన్నాడు సుబ్రమణ్యం, గొంతు తగ్గించి. "మీట వదిలితే నీళ్ళు నిలవాల. దీనికుండే కళ్ళెం అదొక్కటే. కళ్ళెం నీ సేతిలో లేకుంటే గుర్రం ఎక్కొద్దు. ఇంజను ఆపినాక గూడా నమ్మొద్దు. ఇంకోసారి మీట నొక్కి, లోపలుండే బలమంతా కక్కించు. ఆ తర్వాతే పైపు ముట్టుకో."

"పైపు యాడన్నా సన్నంగా సిమ్మతా ఉంటే ఎట్ల కనుక్కునేది?"

"అట్టముక్క అడ్డం పెట్టుకుంటా పో. బెజ్జం పడిన తావు తెలుస్తాది. వేలు మాత్రం పెట్టొద్దు తల్లీ."

మునెమ్మ గంబూట్లు విడిచి నేరుగా ఇంటిదారి పట్టింది.

ఇంటికి పోయేసరికి దొరస్వామి గడప మీద కూర్చుని కుడిచేత్తో చింతకాయ ఈనెలు తీస్తున్నాడు. ఎడమ చెయ్యి పంచెలో దాచుకుని ఉన్నాడు. ఆమె ఎదురుగా చతికిలబడింది.

"మామా, నిజం సెప్పు. అది ఎగిరి కరిసిందా, నువ్వే వేలు పెట్టినావా?"

చింతకాయ చేతిలో ఆగింది. "ఎవరు సెప్పినారు నీకు?"

"అట్టముక్క సెప్పింది."

దొరస్వామికి అర్థమైంది. చింతకాయ కింద పెట్టాడు. "సన్నంగా సెమ్మ సిమ్మతా ఉండె. యాడా అని తడిమినా. ఆయిలింజను పైపులు ఎన్ని తడమలేదు నేను! కుట్టినట్టయింది, అంతే." పంచెలోని ఎడమ చేతిని ఇంకా లోపలికి లాక్కున్నాడు. "పది ఊర్లలో ఇంజను దొరస్వామి అంటారే నన్ను. ఇంజను దొరస్వామి తన వేలు తానే పెట్టుకున్నాడంటే నవ్వరా?"

"నవ్వితే ఏమైతాది?"

"ఏమీ కాదు. నవ్వుతారు."

"శుక్రవారం నువ్వు వచ్చి పక్కనుండాల."

"నేను రాను మే. నిన్ను గూడా అది..." అని నాలుక కరుచుకున్నాడు. తన అబద్ధాన్ని తనే నమ్మడం మొదలుపెట్టాడని అతనికి అప్పుడే తెలిసింది.

నేర్పడం అయిపోయి సుబ్రమణ్యం ముందురోజే వేలూరు వెళ్ళిపోయాడు. శుక్రవారం పొద్దున మునెమ్మ వచ్చేసరికి గచ్చు చుట్టూ జనం. సుందరరాజు తల్లి అలివేలమ్మ ముందే వచ్చి కూర్చుంది. డెబ్భై ఏళ్ళ మనిషి. ఆమె తుమ్మితే సుందరరాజు ప్రయాణం ఆపుకుంటాడు. మిషను ముందర బూడిదగుమ్మడికాయ పగిలి ఉంది. ఇంజనుకు పసుపు, కుంకుమ. మునెమ్మ వాటినేమీ పట్టించుకోలేదు. గన్ను దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. గన్ను పిడికీ మీటకూ కలిపి, తొమ్మిది చుట్లు పసుపుతాడు బిగించి ఉంది. మీట పూర్తిగా నొక్కుకుపోయి ఉంది.

"వాకట్టు కట్టినాను మే" అంది అలివేలమ్మ తృప్తిగా. "మా పుట్టిల్లు తలకోన అడివి పక్క. సిరుత వచ్చి మేకల్ని తింటాంటే, మా తాత పసుపుతాడుకు మంత్రమేసి దొడ్డికి కట్టేవాడు. సిరుత నోరు పడిపొయ్యేది. దీనికి నోరేదా అని సూసినా. ఈ రెండు దవడలే గదా తెరుస్తా మూస్తా ఉండేది? కట్టేసినా. ఇంక కరవదు."

చూస్తే నిజంగానే పిడీ మీటా రెండు దవడల్లాగే ఉన్నాయి. ముసలామె తప్పు కాదు. కానీ ఇంజను తాడు లాగిన క్షణాన దాని బలమంతా ఆ గన్నులోంచి బయటికొస్తుంది. చెయ్యి వదిలినా ఆగదు. జనం కాళ్ళ దగ్గర పిల్లలు కూర్చుని ఉన్నారు.

"పెద్దమ్మా, ఇది విప్పాల."

జనంలో గుసగుస. అలివేలమ్మ ముఖం ముడుచుకుంది. "శుక్రవారం పూట కట్టిన కట్టు విప్పుతారా ఎవరన్నా? విప్పితే ఇంకో వేలు అడగతాది."

సుందరరాజు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "ఒక్కపూట పోనీలే మునెమ్మా. అమ్మ ఇంటికి పోయినాక విప్పుకో."

"ఒక్కపూట దాకా అక్కర్లేదు సామీ. ఒక్క తాడు లాగుడుకే అయిపోతాది."

"ఆయమ్మకు భయమేసినట్టుండాది" అని మునస్వామి పంచె ఎగ్గట్టి ముందుకొచ్చాడు. "పక్కకు జరుగు. వాకట్టు ఉండాది గదా, నేను లాగుతా."

మునెమ్మ జరగలేదు. ఇంజనుకూ అతనికీ మధ్య నిలబడింది. గంబూట్లు గచ్చులో పాతుకున్నట్టున్నాయి.

"సామీ, పని నాకియ్యకపోతే ఇయ్యకండి. మాపటికి రేకులిల్లు ఖాళీ సేస్తా. ఈ తాడు కట్టిపెట్టి మాత్రం నేను లాగను, ఇంకొకర్ని లాగనియ్యను."

సుందరరాజు తల్లి వైపు ఒకసారి, మునెమ్మ వైపు ఒకసారి చూశాడు. అతని నోట్లోంచి వచ్చే మాటేమిటో మునెమ్మకు తెలుసు. అది వచ్చేలోపల గంపల చాటు నుంచి దొరస్వామి బయటికొచ్చాడు.

"అది కరవలేదమ్మా" అన్నాడు. పంచెలోంచి ఎడమ చెయ్యి తీసి అందరికీ కనపడేట్టు పైకెత్తాడు. "పైపు కారతాంటే నేనే వేలు పెట్టినా. సిగ్గయ్యి కరిసిందని సెప్పినా."

ముందు ఎవరో నవ్వారు. దాంతో నలుగురు. "ఇంజను దొరస్వామీ!" అని మునస్వామి పొట్ట పట్టుకున్నాడు. దొరస్వామి ఆ నవ్వంతా అయ్యేదాకా చెయ్యి దించలేదు.

అలివేలమ్మ మాత్రం నవ్వలేదు. "ఓరి సచ్చినోడా! నీ సిగ్గుకు నాతో గుమ్మడికాయ కొట్టిస్తివే!" అని, వెంటనే మునెమ్మ మీదికి తిరిగింది. "అయినా నేను కట్టిన కట్టుతో నీకేం నొప్పి? నోరు మూసే ఉండాది గదా!"

"సూపిస్తా పెద్దమ్మా. ఇంజను ముట్టను, కుళాయి మాత్రమే తిప్పుతా."

గన్నును ఎవరి వైపూ లేకుండా గచ్చు మీద పెట్టి, కుళాయి తిప్పింది. ఎవరూ పట్టుకోని గన్ను ముక్కులోంచి నీళ్ళు బుడబుడమంటూ కారడం మొదలైంది.

"నోరు మూసుంటే నీళ్ళెట్ల వస్తాయి? దవడలు దగ్గరికొస్తే దీని నోరు తెరుసుకుంటాది పెద్దమ్మా. మీరు తెరిసిపెట్టి కట్టినారు. ఇంజను తోడైతే ఈ ధార, ఆ గోడ పక్క పెట్టె చెక్కను మొన్న సీల్చిందే, అదైతాది."

ముసలామె వంగి కారే నీళ్ళను చూసింది. పీచుపీచయిన పెట్టెను చూసింది. కాళ్ళ దగ్గర కూర్చున్న పిల్లల్ని కూడా చూసింది. తర్వాత కళ్ళజోడు సవరించుకుని, గన్నును ఒళ్ళో పెట్టుకుని, తడిసి బిగుసుకున్న ముడి మీద గోళ్ళు పెట్టి పీకింది. రాలేదు. "కత్తి తెండిరా" అంది. "నేను కట్టింది నేనే విప్పాల. ఇంకొకరు ముట్టుకోకండి."

తాడు తెగింది. ఠక్కున మీట వెనక్కొచ్చింది, కారే నీళ్ళు ఆగిపోయాయి. "ఇప్పుడా మూసుకునింది!" అని అలివేలమ్మే ఆశ్చర్యపోయింది. మునెమ్మ ఆ తాడును ఆమె చేతికే ఇచ్చింది. "బండి కమ్మికి కట్టండి పెద్దమ్మా. ఆడ దేనికీ అడ్డం రాదు." ముసలామె కట్టింది. ముడి ఇంకా గట్టిగానే వేసింది.

మునెమ్మ పిల్లల్ని గచ్చు అవతలికి పంపించింది. నూనె చూసింది. మీట నొక్కి, గాలి పోయి ధార తెగకుండా వచ్చేదాకా పట్టుకుంది. తాడు చుట్టి లాగింది. మూడోసారికి ఇంజను లేచింది.

కాళ్ళు ఎడం పెట్టి, గోడవార నుంచి మొదలుపెట్టి, ముగ్గుపిండి పోసినట్టు వరసన కడుగుతూ పోయింది. నల్లటి అట్ట చర్మం ఒలిచినట్టు లేచి కాలవలోకి కొట్టుకుపోయింది. వెనక తెల్లటి గచ్చు బయటపడుతోంది. సగం అయ్యేసరికి ఉన్నట్టుండి ధార చీలి, పక్కకు చిమ్మి, చిక్కిపోయింది. ముక్కులో ఏదో అడ్డం పడింది.

"పుల్ల పెట్టి పొడిస్తే పోతాది!" అని మునస్వామి ఉత్సాహంగా పరిగెత్తుకొచ్చి గన్ను ముక్కు మీదికి చెయ్యి చాపాడు.

"తియ్యిరా సెయ్యి!"

ఆ కేకకు మునస్వామి చెయ్యి గాల్లోనే నిలిచిపోయింది. మునెమ్మ మీట వదిలింది. ఇంజను ఆపింది. గన్నును గోడ వైపు తిప్పి మళ్ళీ మీట నొక్కింది. ఆగిన మిషనులోంచి కూడా నీళ్ళు బుస్సుమని ఎగదన్నాయి. అప్పటిదాకా నవ్విన మనిషి ఒకడు తన వేళ్ళ వంక చూసుకున్నాడు. బుస అణిగాక ఆమె ముక్కును మరతిప్పి ఊడదీసింది. తాళిబొట్టుకు తగిలించుకున్న పిన్నీసుల్లో ఒకటి తీసి, బెజ్జంలోంచి ఇసకరేణువును బయటికి తోసింది. మళ్ళీ మొదటి నుంచి అన్నీ వరసగా చేసింది, ఏదీ వదలకుండా.

కడిగిన గచ్చు మీద సుందరరాజు చెప్పులు విడిచి నడిచాడు. అరికాలు ఎత్తి చూసుకున్నాడు. ఏమీ అంటలేదు. ఇల్లు గురించి గానీ పని గురించి గానీ ఆయన ఏమీ అనలేదు. "తొట్ల పక్క గూడా కడిగెయ్యి మునెమ్మా. బిన్నా, లారీ వచ్చేస్తాది" అన్నాడు. అంతే చాలు.

అప్పుడే ఇంజను గొణిగి ఆగిపోయింది. పెట్రోలు అయిపోయింది. అదే సమయానికి గేటు బయట తొలి కాయ లారీ వచ్చి హారను మోగించింది. మునస్వామి క్యాను ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు, ఈసారి చెయ్యి చాపకుండా, దూరంగా నిలబడి. "పొయ్యనా అక్కా?"

"పొయ్యగాకు. ఇంజను కాలిపోతాండాది. వేడి మింద పెట్రోలు పడితే మనం గూడా కాలిపోతాము. సల్లారాల."

"ఎంతసేపు?" అన్నాడు సుందరరాజు. లారీ మళ్ళీ మోగింది.

మునెమ్మ ఇంజనుకు జానెడు దూరంలో అరచెయ్యి పెట్టి చూసింది. "సెయ్యి ఓర్సుకునేదాకా సామీ." గంబూట్లు విడిచి, గట్టు మీద కూర్చుని, తడిసిన కొంగు పిండుకుంది. దొరస్వామి కుడిచేత్తో చెంబుడు మజ్జిగ తెచ్చి పక్కన పెట్టాడు.

సుందరరాజు ఇంజనును చూశాడు, ఆమెను చూశాడు. తన ఫ్యాక్టరీలో తను వేచి ఉండడం ఆయనకు కొత్త. మూడోసారి హారను మోగేసరికి గేటు వైపు గట్టిగా కేకేశాడు.

"రొంతసేపు గమ్మునుండప్పా! ఆయమ్మ సల్లారాలంటాండాది!"